ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఎనిమిది లక్షల రికార్డులు

ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఎక్కడి నుంచో ఒక సార్ వస్తారు. మనం అరవై మందిమి, ఆయనకున్నది మూడు గంటలు. అంటే మనిషికి మూడు నిమిషాలు. రికార్డు తెరుస్తారు, మధ్యలో ఏదో ఒక పేజీ చూస్తారు, ఒక ప్రశ్న అడుగుతారు, సంతకం పెడతారు. రాత్రంతా కూర్చుని సొంతంగా రాసిన రికార్డుకీ, పక్క రూమ్ వాడిది చూసి ఎక్కించిన రికార్డుకీ పడేది అదే సంతకం. దీంట్లో సార్ తప్పు ఎంత, ఆ మూడు నిమిషాల తప్పు ఎంత?

క్లబ్ వాళ్ళు ఈ సంచికకి ఏదైనా రాయమంటే కవిత రాదని ఈ ప్రశ్న పట్టుకున్నా. పోయిన సెమిస్టర్‌లో నేను అనుకోకుండా ఇంకో రకం ఎగ్జామినర్ల గురించి చదవాల్సి వచ్చింది. పేటెంట్ ఎగ్జామినర్లు. వాళ్ళదీ ఇదే కథ, కాకపోతే వాళ్ళ ముందున్న రికార్డులు లక్షల్లో ఉంటాయి.

ఎందుకు చదవాల్సి వచ్చిందో చెప్తా. మేము నలుగురం మినీ ప్రాజెక్ట్‌గా హాస్టల్ వాటర్ ట్యాంక్‌కి ఒక సెన్సర్ పెట్టాం. ట్యాంక్ నిండగానే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మోటర్ ఆగిపోతుంది. బాగానే పనిచేసింది. అప్పుడు ఒక సీనియర్ అన్న వచ్చి "దీన్ని పేటెంట్ చేసేయండిరా, రెజ్యూమేలో పడుతుంది" అన్నాడు. ఒక కన్సల్టెన్సీ నంబర్ కూడా ఇచ్చాడు. వాళ్ళ వాట్సాప్ మెసేజ్‌లో 'నెల రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ' అని ఉంది. గ్రాంట్ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

నాకు అక్కడ అనుమానం వచ్చింది. పబ్లికేషన్ అంటే ఏంటి? చదివితే తెలిసింది: మన దేశంలో దరఖాస్తు వేసిన 18 నెలలకి అది పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో దానంతటదే అచ్చవుతుంది. 2,500 రూపాయలు అదనంగా కడితే తొందరగా అచ్చవుతుంది. అంతే. అందులో కొత్తదనం ఉందా లేదా అని అప్పటికి ఎవరూ చూసి ఉండరు. ఇల్లు అలకగానే పండగ కాదంటారే, అదన్నమాట. అసలు పరీక్ష కావాలంటే విడిగా ఇంకో ఫారం పెట్టాలి, దానికి విడిగా ఫీజు కట్టాలి. 2024లో మారిన రూల్స్ ప్రకారం 31 నెలల్లోపు అది అడగకపోతే దరఖాస్తుని వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అంటే మా ట్యాంక్ సెన్సర్ ఏ ఎగ్జామినర్ కంటా పడకుండానే మా రెజ్యూమేల్లో 'పేటెంట్ పబ్లిష్డ్' అయిపోయేది.

సరే, ఒకవేళ పరీక్ష అడిగితే ఏం జరుగుతుంది? తెలుగు రాష్ట్రాల నుంచి వేసే దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి (మిగతా మూడు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా). అక్కడ ఒక ఎగ్జామినర్‌కి మన ఫైల్ వెళ్తుంది. ఆయనో ఆవిడో మనలాగే బీటెక్కో, లేకపోతే ఎమ్మెస్సీయో చదివినవాళ్ళే. వాళ్ళు ముందు చదివేది క్లెయిమ్స్. 'మేము కనిపెట్టింది సరిగ్గా ఇదీ, మా హద్దు ఇక్కడి వరకూ' అని పొలం గట్టు గీసినట్టు రాసే వాక్యాలు అవి. తర్వాత ఆ గట్టు లోపల ఇప్పటికే ఎవరైనా సాగు చేశారా అని వెతకాలి. పాత పేటెంట్లు, జర్నల్ పేపర్లు, ఎప్పటివో కంపెనీ కేటలాగులు, ఏ దేశానివైనా, ఏ భాషవైనా. దీన్నే ప్రయర్ ఆర్ట్ వెతకడం అంటారు. దొరికితే, లేదా చట్టం ఒప్పుకోని విషయమైతే, ఆ అభ్యంతరాలన్నీ రాసి మొదటి పరీక్ష రిపోర్ట్ పంపుతారు. మనం ఆరు నెలల్లోగా జవాబు ఇవ్వాలి. చివరి నిర్ణయం ఎగ్జామినర్‌ది కాదు, పైన ఉండే కంట్రోలర్‌ది.

నేను రెండు సాయంత్రాలు గూగుల్ పేటెంట్స్‌లో కూర్చుని మా ప్రాజెక్ట్‌కి నేనే ఎగ్జామినర్‌గా పనిచేశా. మొదటి గంటలో ఏమీ దొరకలేదు, చాలా సంతోషపడ్డా. తర్వాత అర్థమైంది, నేను 'వాటర్ ట్యాంక్' అని వెతుకుతున్నా, పేటెంట్లు రాసేవాళ్ళు ట్యాంక్‌ని ట్యాంక్ అనరు, 'ద్రవమును నిల్వ చేయు పాత్ర' అన్నట్టు రాస్తారు. మాట మార్చి వెతికితే వరదలా వచ్చాయి. కొరియా దరఖాస్తు ఒకటి, మెషిన్ ట్రాన్స్‌లేషన్‌లో చదివా, బొమ్మలు చూస్తే మా బ్లాక్ డయాగ్రమ్ వాళ్ళు దొంగిలించారేమో అనిపించింది. తీరా తేదీ చూస్తే మేము అప్పటికి బడికి కూడా వెళ్ళట్లేదు.

నాకు పట్టింది ఏడెనిమిది గంటలు, అదీ సొంత ప్రాజెక్ట్ కాబట్టి. అమెరికా పేటెంట్ ఆఫీసులో ఒక ఎగ్జామినర్‌కి ఒక దరఖాస్తు మీద మొదటి నుంచి చివరిదాకా సగటున దొరికేది దాదాపు 19 గంటలు. చదవడం, వెతకడం, రిపోర్ట్ రాయడం, లాయర్ పంపిన జవాబు చదవడం, మళ్ళీ జవాబు రాయడం, అన్నీ అందులోనే.

ఇప్పుడు లెక్క వేద్దాం. 2024 చివర్లో ఆ ఆఫీసులో ఇంకా ముట్టుకోని దరఖాస్తులు 8 లక్షలు దాటాయి. ఒక్కోదానికి 19 గంటలు వేసుకుంటే కోటీ 52 లక్షల గంటలు. ఒక మనిషి ఏడాదికి 2,000 గంటలు పనిచేస్తే 7,600 మందికి ఏడాది పని. అక్కడి ఎగ్జామినర్ల సంఖ్య కూడా అటూ ఇటుగా అంతే, 8 వేల దగ్గర. అంటే ఈ రోజే గేటు మూసేసి, కొత్త దరఖాస్తు ఒక్కటి కూడా తీసుకోకుండా, ఎవరూ సెలవు పెట్టకుండా పనిచేస్తే ఏడాదికి పాతవి అవుతాయి. కానీ గేటు మూయరు కదా. ఏడాదికి ఇంకో 6 లక్షల దాకా వస్తూనే ఉంటాయి.

క్యూ గురించి మనం డేటా స్ట్రక్చర్స్‌లో చదివింది ఎన్‌క్యూ, డీక్యూ వరకే. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన ఒక సూత్రం ఉంది, అది మన సిలబస్‌లో మొదటి రోజే చెప్పాలి అనిపించింది. క్యూలో ఉన్న జనం = వచ్చే వేగం × ఒక్కొక్కరు ఆగే సమయం. క్యాంటీన్ దోశ కౌంటర్‌కి నిమిషానికి ఇద్దరు వస్తూ, ఒక్కొక్కరు పది నిమిషాలు ఆగుతుంటే లైన్లో ఎప్పుడూ ఇరవై మంది ఉంటారు. లైన్ తగ్గాలంటే దోశలు తొందరగా వెయ్యాలి, లేదా ఇంకో పెనం పెట్టాలి, లేదా వచ్చేవాళ్ళని తగ్గించాలి. పేటెంట్ ఆఫీసులు ఇన్నేళ్ళుగా చేస్తున్న ప్రయత్నాలన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకటి.

నాలుగోది కూడా ఒకటి ఉంది, దోశ కాల్చకుండానే ఇచ్చేయడం. నవ్వకండి, అమెరికాలో నిజంగా చేశారు. 1790లో మొదటి చట్టం వచ్చినప్పుడు దరఖాస్తులు చూసే పని ముగ్గురు పెద్దమనుషులకి అప్పగించారు: విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్, యుద్ధ మంత్రి హెన్రీ నాక్స్, అటార్నీ జనరల్ ఎడ్మండ్ రాండాల్ఫ్. దేశాన్ని నడపాల్సినవాళ్ళు ఇవి చదువుతూ కూర్చోలేకపోయారు. ఆ చట్టం కింద వచ్చిన పేటెంట్లు మొత్తం 57. అందుకని 1793లో పరీక్షే తీసేశారు. ఫీజు కట్టు, రిజిస్టర్ చేసుకో, గొడవలుంటే కోర్టులో చూసుకో. క్యూ మాయం! గొడవలు మాత్రం కోర్టులకి చేరాయి. ఉన్నదాన్నే మళ్ళీ కాపీ కొట్టి పేటెంట్ తెచ్చుకుని జనం మీద పడి డబ్బులు గుంజేవాళ్ళు తయారయ్యారు. 43 ఏళ్ళు అలా నడిచాక 1836లో మళ్ళీ పరీక్ష తెచ్చారు, అందుకోసమే ఎగ్జామినర్లని పెట్టారు. (ఆ ఏడాది డిసెంబర్‌లోనే ఆఫీసు తగలబడి పాత రికార్డులన్నీ కాలిపోయాయి. బ్యాకప్ తీసుకోండి ఫ్రెండ్స్.)

దోశ తొందరగా వేయించే పద్ధతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. అమెరికా ఎగ్జామినర్ల పనిని 'కౌంట్' అనే యూనిట్‌లో కొలుస్తారు. ఒక దరఖాస్తు మొత్తానికి 2 కౌంట్లు. 2010లో మార్చిన లెక్క ప్రకారం మొదటి రిపోర్ట్ పంపితే 1.25, ఫైనల్‌గా తిరస్కరిస్తే 0.25, ఫైల్ మూసేస్తే, అంటే పేటెంట్ ఇచ్చేసినా, అవతలివాళ్ళు వదిలేసినా, 0.5. రెండు వారాలకి ఒకసారి కౌంట్లు చూస్తారు. టెక్నాలజీని బట్టి, ఎగ్జామినర్ హోదాని బట్టి ఒక్కో ఫైల్‌కి ఇన్ని గంటలు అని ఉంటుంది. ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ ఆ గంటలు తగ్గుతాయి, అనుభవం వచ్చింది కాబట్టి తొందరగా చేయగలవని. వినడానికి న్యాయంగానే ఉంది.

ఫ్రేక్స్, వాసర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఈ మలుపుని పట్టుకున్నారు. మనిషి అదే, చేసే పని అదే, ప్రమోషన్‌తో ఇచ్చే సమయం మాత్రం తగ్గింది. అప్పుడు ఏం మారుతుంది? 2017లో అచ్చయిన వాళ్ళ పేపర్ ప్రకారం, సమయం తగ్గేకొద్దీ ఎగ్జామినర్లు వెతికి చూపించే పాత పత్రాలు తగ్గుతున్నాయి, 'ఇది ఈ రంగంలో ఎవరికైనా తట్టేదే' అన్న అభ్యంతరం తగ్గుతోంది, పేటెంట్ ఇచ్చేయడం పెరుగుతోంది. ఆ 'ఎవరికైనా తట్టేదే' అభ్యంతరం రాయడానికి ఒక్క పత్రం సరిపోదు. రెండు మూడు పత్రాలు పక్కపక్కన పెట్టి, వీటిని కలిపితే ఇది వస్తుంది అని వాదించాలి. టైమ్ పట్టే పని అది, మొదట తెగేది కూడా అదే. కాదనడానికి కారణాలు రాయాలి, అవుననడానికి అక్కర్లేదు. మన ఎక్స్‌టర్నల్ సార్ కూడా ఫెయిల్ చేయాలంటే పేపర్ వర్క్ ఉంటుంది, పాస్ చేయడానికి సంతకం చాలు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, కొట్టిపారేయడానికి లేదు. మార్క్ లెమ్లీ అనే లా ప్రొఫెసర్ 2001లో రాశారు: ఎక్కువ శాతం పేటెంట్లు ఎవరూ వాడరు, వాటి మీద ఎవరూ కేసు వెయ్యరు, మూల పడి ఉంటాయి. అలాంటప్పుడు ప్రతిదాన్నీ జల్లెడ పట్టడం డబ్బు దండగ. గొడవ వచ్చిన కొన్నిటిని కోర్టులో జాగ్రత్తగా చూసుకుంటే చాలు. చదవగానే 'అరే, ఇది లేజీ ఎవాల్యుయేషన్' అనుకున్నా. విలువ అవసరమైనప్పుడే లెక్కపెట్టడం. ప్రోగ్రామర్‌గా నాకు నచ్చేసింది. కానీ ప్రోగ్రామ్‌లో ఎవాల్యుయేట్ చేయని వేరియబుల్ పక్కవాళ్ళని భయపెట్టదు. చెత్త పేటెంట్ భయపెడుతుంది. ఒక చిన్న కంపెనీకి నోటీసు వస్తే, అది చెల్లని పేటెంట్ అని నిరూపించే ఖర్చు వాళ్ళదే. ఆ ఫ్రేక్స్, వాసర్‌మన్‌లే 2019లో లెమ్లీకి జవాబుగా ఇంకో వ్యాసం రాశారు, పరీక్ష సమయాన్ని రెట్టింపు చేసినా ఆ ఖర్చు తిరిగొచ్చేస్తుందని. నేను వీళ్ళ వైపే.

హడావిడిలో ఏం జారిపోతాయో అనడానికి అందరూ చెప్పే ఉదాహరణ ఉయ్యాల. 2002లో అమెరికాలో ఉయ్యాలని పక్కకి ఊగే పద్ధతి మీద, ఒక గొలుసు తర్వాత ఒక గొలుసు లాగుతూ, ఒక చిన్న పిల్లాడి పేరున పేటెంట్ వచ్చింది. తర్వాత మళ్ళీ పరిశీలించి రద్దు చేశారు. అది తమాషా. తమాషా కానిది పసుపు.

1995 మార్చిలో అమెరికాలో ఒక యూనివర్సిటీకి, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద పేటెంట్ వచ్చింది. మోకాలు కొట్టుకుపోతే అమ్మమ్మ వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చి అద్దేది ఏదో మనకి తెలుసు. మన సీఎస్ఐఆర్, అప్పుడు రఘునాథ్ మాషేల్కర్ నాయకత్వంలో, ఆ పేటెంట్‌ని సవాలు చేసింది. ఇక్కడే నాకు అసలు విషయం అర్థమైంది: అమ్మమ్మ చాలదు. 'మాకు అందరికీ తెలుసు' అనడం కుదరదు, అచ్చులో ఉన్న సాక్ష్యం కావాలి. 32 పత్రాలు పెట్టారు, పాత సంస్కృత గ్రంథాల నుంచి 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం దాకా. 1997లో పేటెంట్ రద్దయింది.

ఆ ఎగ్జామినర్‌ని తిట్టుకోవడం సులువు. ఆయన స్థానంలో కూర్చుని చూడండి. ఉన్నవి కొన్ని గంటలు, ముందున్నది ఒక డేటాబేస్. అందులో సంస్కృతం లేదు, ఉర్దూ లేదు, తెలుగు అసలే లేదు. వెతికారు, దొరకలేదు, ఇచ్చారు. వెతికే పెట్టెలో లేనిది ప్రపంచంలో లేనట్టే. అందుకే 2001 నుంచి మన దేశం సాంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ అని ఒకటి కట్టడం మొదలుపెట్టింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలని ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, జపనీస్‌లలో, ఎగ్జామినర్లు వెతుక్కునే పద్ధతిలో వర్గీకరించి పెట్టారు. 2009లో యూరప్ పేటెంట్ ఆఫీసుకి దాన్ని చూసే వీలు ఇచ్చారు. ఎగ్జామినర్ భారం తగ్గించడం అంటే ఎప్పుడూ ఇంకో మనిషిని ఇవ్వడమే కాదు, ఆ మనిషి కళ్ళ ముందుకి సరైన కాగితం తేవడం కూడా. సాహిత్య క్లబ్ పత్రికలో ఇది రాయడానికి నాకున్న సాకు కూడా ఇదే. ఒక భాషలోది రాసి, వెతికితే దొరికేలా పెట్టకపోతే, అది మనది అని చెప్పుకోవడానికి 32 కాగితాలు పోగేసుకోవాలి.

ఇంకో పెనం సంగతి. 2022లో ప్రధాని ఆర్థిక సలహా మండలి ఒక పేపర్ ప్రచురించింది. దాని ప్రకారం ఆ ఏడాది మార్చి నాటికి మన పేటెంట్ ఆఫీసులో ఎగ్జామినర్లు, కంట్రోలర్లు కలిపి 860 మంది. చైనాలో 13,704, అమెరికాలో 8,132. మన దగ్గర దరఖాస్తు తేలడానికి సగటున 58 నెలలు, చైనాలో 20. ఎగ్జామినర్లు రిపోర్ట్ రాసేసినా పైన కంట్రోలర్ల దగ్గర ఆగిపోయినవే లక్షా 64 వేలట. పైప్‌లైన్‌లో మొదటి స్టేజ్‌ని మాత్రమే వేగం చేస్తే బఫర్ నిండేది రెండో స్టేజ్ ముందే కదా, కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో మార్కులు పోగొట్టుకున్న ప్రశ్న ఇది.

తర్వాత నియామకాలు పెరిగాయి. 2013-14లో మన దేశంలో 42,951 దరఖాస్తులు వస్తే ఇచ్చిన పేటెంట్లు 4,227. 2023-24లో దరఖాస్తులు 92,168, ఇచ్చినవి 1,03,057. అంతకు ముందు ఏడాది ఇచ్చినవి 34,134 మాత్రమే. ఒక్క ఏడాదిలో మూడింతలు! పనిరోజుకి 250 అని ప్రభుత్వం గర్వంగానే ప్రకటించింది. క్యూ తగ్గడం నిజంగా మంచిదే, ఐదేళ్ళు ఆగే స్టార్టప్‌కి ఆ పేటెంట్ వచ్చేసరికి కంపెనీయే ఉండకపోవచ్చు. కానీ పైన కౌంట్ల కథ చదివాక ఆ 250 చూస్తే నాకు చప్పట్లు కొట్టాలో, ఒక్కో ఫైల్‌కి ఎన్ని గంటలు దక్కాయని అడగాలో తెలియలేదు.

మిగతా ఉపాయాలు గబగబా చెప్పేస్తా. జపాన్ పాత పత్రాలు వెతికే పనిని బయటి సంస్థలకి ఇచ్చింది, 2004 నుంచి నిర్ణీత కాలానికి ఎగ్జామినర్లని తీసుకుంది, మొదటి జవాబు 11 నెలల్లో ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుని 2013 ఆర్థిక సంవత్సరానికి అందుకుంది. అదే దరఖాస్తుని నాలుగు దేశాల్లో నలుగురు మొదటి నుంచి చదవడం దండగని 2006లో జపాన్, అమెరికా కలిసి ఒక 'హైవే' మొదలుపెట్టాయి. ఒకచోట ఓకే అయితే రెండోచోట ఆ రిపోర్ట్ వాడుకుని ముందు చూస్తారు. 2019 చివర్లో మనమూ జపాన్‌తో ప్రయోగంగా కలిశాం. క్యూని ప్రయారిటీ క్యూగా మార్చడం ఇంకోటి, మన దగ్గర స్టార్టప్‌లు, మహిళలు తొందరగా చూడమని అడగొచ్చు. అమెరికా ఎగ్జామినర్ల సెర్చ్‌లో ఇప్పుడు ఏఐ ఉంది, ఇలాంటి పత్రాలు ఇంకా చూపించు అంటే చూపిస్తుంది. కొరియా దరఖాస్తుని నేను హాస్టల్ మంచం మీద చదవగలిగానంటే అదీ మెషిన్ దయే. అయితే దరఖాస్తులు రాసేవాళ్ళ దగ్గరా అదే మెషిన్ ఉంది, కాబట్టి ఆ ఒక్కదాంతో క్యూ తగ్గుతుందని నేను అనుకోను.

వచ్చేవాళ్ళని తగ్గించడమే అన్నిటికన్నా కష్టం. 2007లో అమెరికా ఆఫీసు క్లెయిమ్స్ సంఖ్యకి కళ్ళెం వేయబోతే కోర్టు ఆపేసింది, రెండేళ్ళకి రూల్సే వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర పది క్లెయిమ్స్ దాటితే ఒక్కోదానికీ అదనంగా కట్టాలి. చైనాది వింత. దరఖాస్తు వేస్తే సబ్సిడీ ఇచ్చి ఇచ్చి, సబ్సిడీ కోసమే వేసేవాళ్ళు ఎక్కువయ్యేసరికి, 2021లో దరఖాస్తు దశ సబ్సిడీలు ఆపేయమని అక్కడి పేటెంట్ ఆఫీసే చెప్పాల్సి వచ్చింది. ఇది చదువుతుంటే ఎందుకో సీనియర్ అన్న ఇచ్చిన కన్సల్టెన్సీ నంబర్ గుర్తొచ్చింది. మాకు సబ్సిడీ లేదు, రెజ్యూమేలో ఒక లైన్ ఉంది.

మా నలుగురికీ దీని మీద పెద్ద గొడవే అయింది. "అందరూ వేస్తున్నారు, మనం ఒక్కళ్ళం ఆగితే చెన్నైలో క్యూ తగ్గిపోద్దా?" అన్నాడు మావాడు. తగ్గదు, నిజమే. పైగా పరీక్షే అడగని దరఖాస్తు ఎగ్జామినర్ టైమ్ కూడా తినదు. కానీ జర్నల్‌లో అచ్చయి, రేపు వెతికేవాళ్ళ ముందు ఇంకో గడ్డిపరకగా పడి ఉంటుంది. నేను రెండు సాయంత్రాలు ఏరింది ఆ గడ్డినే.

వెతకడం వల్ల ఒక లాభం జరిగింది. ఆ కుప్పలో మా సెన్సర్ ఉంది, మోటర్ ఆపడం ఉంది, మెసేజ్ ఉంది. లేనిది ఒక్కటే: మా హాస్టల్‌కి మున్సిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, మధ్యలో ట్యాంకర్ వస్తుంది, ఈ రెండిట్లో ఏది ఎప్పుడు రావచ్చో పాత రీడింగ్స్ నుంచి అంచనా వేసి మోటర్ నడిపే చిన్న ముక్క. నాకు దొరకలేదు అంటే లేదని కాదు, ఉయ్యాల కథ అయ్యాక అంత ధైర్యం లేదు. పైగా అది ఎక్కువగా కోడ్, మన చట్టం 3(కే) సెక్షన్ వట్టి అల్గారిథమ్‌లకి పేటెంట్ ఇవ్వదు. అయినా వేస్తే ఆ ఒక్క ముక్కే వేద్దాం, పబ్లికేషన్ ఫీజు మానేసి పరీక్ష ఫీజు కడదాం, లేదంటే వద్దు అని ఒప్పందం. దరఖాస్తుకి 1,600, పరీక్షకి 4,000. నలుగురం తలా 1,400. ముగ్గురి దగ్గర నుంచి వచ్చాయి. "క్యూ తగ్గిపోద్దా" అన్నవాడివి ఇంకా రావాలి.